తూముకి ఒక గిద్ద తక్కువ

నాకు లెక్కలు రావు. ఈ మాట ఇన్నాళ్ళూ సిగ్గుపడకుండా, పైగా కాస్త గొప్పగానే చెప్పుకుంటూ వచ్చాను. మీరే చూడండి, ‘నాకు చదవడం రాదు’ అని నలుగురిలో ఎవరూ అనరు. ‘నాకు వంట రాదు’ అనడానికైనా కొంచెం జంకుతాం. లెక్కలు రావని మాత్రం నవ్వుతూ చెప్పేస్తాం. వినేవాళ్ళు కూడా ‘అయ్యో, నాకూ అంతేనండీ’ అని చెయ్యి కలుపుతారు. లెక్కలు రానివాళ్ళందరం కలిసి సంఘం పెట్టుకుంటే అంత పెద్ద సంఘం దేశంలో ఇంకోటి ఉండదు. కాకపోతే సభ్యుల్ని లెక్కపెట్టేవాళ్ళే దొరకరు!

ఎనిమిదో క్లాసులో ఒకసారి ధైర్యం చేసి లేచి నిలబడి, “రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుంది సార్?” అని అడిగాను. “ఆడపిల్లవి, ఎందుకో తెలుసుకుని ఏం చేస్తావు? కంఠతా పట్టు, మార్కులొస్తాయి” అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేదు. ఇంటర్లో ఆర్ట్స్ తీసుకున్నాను, బి.ఏ. అయ్యాను, కథలు రాశాను, నవలలు రాశాను. నా కథానాయికలు ప్రేమించారు, ఏడ్చారు, ఎదురు తిరిగారు గానీ ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కాగితం మీద లెక్క చేసిన పాపాన పోలేదు.

పోయిన వేసవిలో మా అమ్మాయి లెక్కల పుస్తకాన్ని మంచం మీదికి విసిరేసి, “నాకు లెక్కలు రావమ్మా. టెన్త్ అవగానే ఆర్ట్స్ తీసుకుంటా. నువ్వు తీసుకోలేదా?” అంది. గుండెల్లో కలుక్కుమంది. ఆర్ట్స్ తక్కువ చదువని కాదు. నా అన్నం అదే పెట్టింది. కానీ ఇష్టపడి ఒకటి తీసుకోవడం వేరు, భయపడి ఇంకోదాన్నుంచి పారిపోవడం వేరు. నేను చేసింది రెండోది. ఆ సంగతి నాకు మాత్రమే తెలుసు. పిల్ల నా దగ్గర నేర్చుకున్నది చదువు మీద ప్రేమ కాదు, నా పారిపోవడం!

ఏం చెప్పాలో తోచక దాన్ని వెంటబెట్టుకుని మనుబోలు వెళ్ళాను. నెల్లూరు నుంచి గూడూరు వెళ్ళే దారిలో ఉంటుంది ఆ ఊరు. ఓ పక్క మద్రాసు హైవే, ఇంకో పక్క రైలు పట్టాలు, చుట్టూ వరి పొలాలు. తూర్పున కొంతదూరం పోతే సముద్రం. అక్కడ మా పెద్దమ్మ ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. చదివింది అయిదో క్లాసు. పాత ఇల్లు బాగు చేయిస్తూ అటక మీది సామానంతా కిందికి దింపించింది. అందులో మసిబట్టిన కొలపాత్రల వరస ఒకటి బయటపడింది. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఇరస. చిన్నవి ఇత్తడివి, పెద్దవి ఇనపవి. కిలోలూ లీటర్లూ వచ్చి అరవై ఏళ్ళు దాటినా పెద్దమ్మకి వాటిని పారెయ్యడానికి మనసొప్పలేదు.

మా అమ్మాయి వాటిని బొమ్మల కొలువులాగా వరసగా పేర్చింది. “ఇవేంటి అమ్మమ్మా?” అని అడిగింది.

“గిద్దంటే తెలవదా పాపా? రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము.” పెద్దమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న పిల్ల తలెత్తింది. “అన్నీ రెండేసేనా?” అంది.

నేనూ అప్పుడే గమనించాను సుమండీ. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే ఆ మాటలు వెయ్యిసార్లు విన్నాను. తవ్వెడు బియ్యం, మానెడు నూకలు, అడ్డెడు వడ్లు. అవన్నీ వంటింటి మాటలనుకున్నాను గానీ ఒక వరసలో నిలబడ్డ అంకెలని తోచలేదు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పైరెండు, అరవైనాలుగు, నూట ఇరవై ఎనిమిది. తూముకి 256 గిద్దలు.

“సరే అమ్మమ్మా, నాకు సరిగ్గా వంద గిద్దల బియ్యం కావాలి. గిద్దతో వందసార్లు కొలుస్తావా?” అంది పిల్ల ఆటగా.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. “వందసార్లా? నాకేం పని లేదనుకుంటివా? ఒక కుంచం, ఒక అడ్డ, ఒక సోల. అయిపాయె” అంది.

పిల్ల కాగితం తీసుకుంది. అరవైనాలుగూ ముప్పైరెండూ తొంభయ్యారు, నాలుగు కలిపితే వంద! ఇంకో సంఖ్య అడిగింది. మరో సంఖ్య అడిగింది. ఏదడిగినా ఆ ఎనిమిది పాత్రల్లోంచి కొన్నిటిని ఏరి, ఒక్కొక్కదాన్ని ఒక్కసారే వాడి చెప్పేసింది పెద్దమ్మ. గిద్ద మొదలుకుని 255 గిద్దల దాకా ఈ ఎనిమిదింటితో కొలవలేనిది లేదని సాయంత్రానికి పిల్లకే తెలిసిపోయింది. “కంప్యూటర్లో బైటు ఇదేనమ్మా! ఎనిమిది గళ్ళు, ఒక్కోటి ఉంటే ఉంది, లేకపోతే లేదు. సున్నా నుంచి 255 దాకా. మా పుస్తకంలో ఉంది” అని గంతేసింది.

“మరి 255 దగ్గరే ఎందుకాగింది?” అన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత నేనడిగిన మొదటి ‘ఎందుకు’ అది. జవాబు పిల్ల చెప్పలేదు, పెద్దమ్మే చెప్పింది. ఎనిమిది పాత్రల్లోనూ బియ్యం నింపించి, పైన ఇంకొక్క గిద్ద తెమ్మంది. “చూడు, ఈ గిద్దా ఆ గిద్దా కలిస్తే అరసోల. ఆ అరసోలా ఈ అరసోలా కలిస్తే సోల. సోలా సోలా తవ్వ...” అంటూ ఒక్కొక్కటే చాటలో కుమ్మరిస్తూ పోయింది. ఆఖరికి ఇరసా ఇరసా కలిసి తూమయింది. అంటే, అన్ని పాత్రలూ నిండుగా ఉన్నా తూముకి ఒక గిద్ద తక్కువే! ఆ ఒక్క గిద్దా వచ్చి కలిస్తే చాలు, వరసంతా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తూములోకి పోతుంది.

దాన్ని గణితంలో ‘నిరూపణ’ అంటారట. నేను మాత్రం చాట ముందు గొంతుక్కూర్చుని, వెనకటికి పండగనాడు దీపాల వరస ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పోవడం చూసినట్టు చూశాను. అందం అనే మాట లెక్కలకు వాడతారని తెలుసు గానీ అది మర్యాదకు అనే మాటనుకున్నాను ఇన్నాళ్ళూ.

“పెద్దమ్మా, నీకు లెక్కలు భలే వచ్చే” అన్నాను.

“నాకా? నాకు లెక్కలేడ వస్తాయి పాపా! అయిదుతో మానిపించేశారు కదా” అంది పెద్దమ్మ చాట దులుపుతూ.

చూశారా! ఒకే అరుగు మీద ముగ్గురం. ముగ్గురిదీ ఒకటే మాట.

మనుబోలు నుంచి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో బి.ఏ.లో తెలుగు సాహిత్య చరిత్ర చదివేటప్పుడు ‘పావులూరి మల్లన - సార సంగ్రహ గణితము’ అని ఒక్క వాక్యం బట్టీ పట్టిన గుర్తు. ఒక్క మార్కు ప్రశ్న! నన్నయగారి వెనకనే వచ్చే పేరది. తెలుగులో మొదటి శాస్త్ర గ్రంథం ఆయనదేనని చెబుతారు. చిత్రం కాదూ! మన భాషలో భారతం పుట్టిన రోజులకు దగ్గర్లోనే, పక్కింటి పిల్లలాగా, లెక్కల పుస్తకం కూడా పుట్టింది. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్నాం. రెండోదాన్ని ఒక్క మార్కుకి సరిపెట్టాం.

చదరంగం కథ మీ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమంటే, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ అరవైనాలుగు గళ్ళూ నింపమన్నాడు. ‘ఓస్, ఇంతేనా!’ అన్నాడు రాజు. ఆ గింజల మొత్తమెంతో చెప్పే పద్యం ఒకటి మల్లన పేరుతో తెలుగువాళ్ళ నోళ్ళలో నేటికీ ఉంది. 18446744073709551615. ఇరవై అంకెలు! దీన్ని పద్యంలో ఎలా ఇమిడ్చారంటారా? అంకెకు బదులు వస్తువు పేరు చెబుతారు. చంద్రుడొక్కడే కాబట్టి చంద్రుడంటే ఒకటి. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు. కొండలు ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. ఆకాశంలో ఏమీ లేదు గనక ఆకాశమంటే సున్నా. పైగా చిన్న స్థానం నుంచి పెద్ద స్థానానికి, అంటే మనం రాసే తీరుకి ఎదురుగా, ఎడమవైపుకి నడుస్తాయి అంకెలు. అందుకని ఆ సంఖ్య బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. మధ్యలో సముద్రాలూ కొండలూ ఏనుగూ ఆకాశమూ అన్నీ వస్తాయి. కాగితం అక్కర్లేదు, పలక అక్కర్లేదు. చెవిన పడి నోట నిలిస్తే చాలు.

ఈ పద్యం సంగతి నేను చెబుతుంటే మా అమ్మాయి మధ్యలో ఆపింది. “అమ్మా, అది 615తో ఎందుకు ఆగిందో చెప్పనా? అరవైనాలుగు గళ్ళూ నిండాక ఇంకొక్క గింజ వేస్తే, అన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుని అరవై అయిదో గడిలోకి పోతాయి. ఆ గడిలో ఉండేది 616తో ముగిసే సంఖ్య. తూముకి ఒక గిద్ద తక్కువ!” అంది.

వెయ్యేళ్ళ నాటి పద్యంలోంచి మనుబోలు చాటలోకి దారి పడింది ఆ క్షణాన.

ఆ గింజలు వడ్లే అనుకుని ఇద్దరం లెక్కేశాం. వెయ్యి వడ్లగింజలు ఇంచుమించు 25 గ్రాములనుకుంటే మొత్తం నలభై ఆరు వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి పండించే వడ్లు ఏడాదికి సుమారు 80 కోట్ల టన్నులు. అంటే ప్రపంచమంతా అయిదు వందల ఏళ్ళకు పైగా పండించి, ఒక్క గింజ తినకుండా దాచిపెట్టాలి! నెల్లూరు మొలగొలుకులు రాజుగారి పరువు నిలబెట్టలేవు.

మల్లన తన పుస్తకాన్ని గాలిలోంచి తియ్యలేదు. మహావీరాచార్యుడు అనే జైన పండితుడు రాష్ట్రకూటుల అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, సంస్కృతంలో ‘గణిత సార సంగ్రహం’ రాశాడు. దాన్ని మల్లన తెలుగు చేశాడు. జినుణ్ణి కొలిచిన చోట శివుణ్ణి కొలుచుకున్నాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని 1912లో మద్రాసులో రంగాచార్యగారు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. అందులో గణితం ఎక్కడెక్కడ పనికొస్తుందో చెబుతూ మహావీరుడిచ్చిన జాబితా చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. ప్రేమ వ్యవహారాల్లోనట, సంగీతంలోనట, నాటకంలోనట, వైద్యంలోనట, ఇల్లు కట్టడంలోనట, ఆఖరికి వంటలోనట! ‘ఆడపిల్లవి, ఏం చేసుకుంటావు’ అన్న మా మాస్టారికి ఈ జాబితా ఎవరూ చూపించలేదు కాబోలు.

ఇంకో ముచ్చట. ఆయన కొన్ని గుణకారాలకు మెడలో వేసుకునే హారాలతో పోల్చి పేర్లు పెట్టాడు. వంటయ్యాక ఓ కాగితం తీసుకుని 142857143ని ఏడుతో గుణించి చూడండి. 1000000001 వస్తుంది. రెండు కొసల్లో రెండు మణులు, మధ్య ఎనిమిది సున్నాల గొలుసు. పోనీ 152207ని 73తో గుణించండి. ఎనిమిది ఒకట్లు వరసగా, ముత్యాల పేరులాగా! క్యాలిక్యులేటరు వద్దు. చేత్తోనే చెయ్యండి. ఒక్కో ముత్యం వచ్చి గొలుసులో పడుతుంటే కలిగే ముచ్చట మిషన్లో రాదు.

గణితం, ఆడపిల్ల అనగానే మీకు లీలావతి గుర్తొచ్చి ఉంటుంది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన పుస్తకానికి ఆ పేరు. కూతురి పెళ్ళి ముహూర్తం కోసం నీటి గడియారం పెట్టాడనీ, ఆ పిల్ల వంగి చూస్తుంటే నగలోంచి ముత్యం జారి రంధ్రానికి అడ్డుపడిందనీ, ముహూర్తం తప్పిపోయి పెళ్ళి ఆగిపోయిందనీ, ఆమెను ఓదార్చడానికి తండ్రి ఆమె పేరున గణితం రాశాడనీ కథ. ఇది భాస్కరుడు చెప్పుకున్న కథ కాదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1587లో, అక్బరు కొలువులోని ఫైజీ పారసీలోకి అనువదిస్తూ చెప్పినది. అసలు పుస్తకంలో ఓదార్పు ఏమీ లేదు. తుమ్మెదలు, తామరలు, హంసలు, నెమళ్ళు, వాటి నడుమ ‘ఓ లేడికళ్ళదానా, చెప్పు చూద్దాం’ అని కవ్వింపూ ఉన్నాయి. నాకు కథ కంటే ఇదే నచ్చింది. పెళ్ళి తప్పిపోయినందుకు పరిహారంగా ఇచ్చేది కాదండీ గణితం. ‘చెప్పు చూద్దాం’ అని సరదాగా పిలిస్తే వచ్చేది.

పిలవకపోయినా వినిపిస్తే చాలునని ఇంకో కథ చెబుతుంది. ఇది కట్టుకథ కాదు, మనకు బాగా దగ్గరది. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టారు. పుట్టుగుడ్డి. బడికి పోయే దారి లేదు. ఆయన అక్క బడినుంచి వచ్చి పాఠాలు గట్టిగా చదువుకునేది. తమ్ముడు పక్కన కూర్చుని వినేవాడు. అంకెలు, ఎక్కాలు అన్నీ అలా చెవిలోంచే లోపలికి పోయాయి. ఆ చెవి ఆయన్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చూడండి. ఫిడేలు నేర్చుకున్నారు. దేశమంతా తిరిగి వేలకొద్దీ గణితావధానాలు చేశారు. సభలో ఫిడేలు వాయిస్తూ ఉండేవారు, జనం ప్రశ్నలు వేస్తూ ఉండేవారు. ఫలానా సంవత్సరం ఫలానా తేదీ అంటే వారమే కాదు, తిథీ నక్షత్రమూ చెప్పేవారు.

1966లో హైదరాబాదులో జరిగిన అవధానంలో ఒకరు, రెండుని రెండుతో వేసుకుంటూ 103 రెళ్ళు గుణిస్తే ఎంతని అడిగారు. మన గిద్ద లెక్కే! చదరంగంలో అరవైనాలుగు గళ్ళే ఉంటాయి. నూట నాలుగు గళ్ళుంటే, ఆఖరి గడిలో ఎన్ని గింజలని ప్రశ్న. 1014తో మొదలై 3008తో ముగిసే ముప్పైరెండంకెల సంఖ్యను ఆయన అప్పజెప్పారు. కాగితం చూడని, చూడలేని మనిషి! చివరి రోజుల్లో శ్రీకాళహస్తిలో ఉండి 1997లో పోయారు. గూడూరులో రైలు మారితే మనుబోలుకి ఎంత దూరం గనక శ్రీకాళహస్తి! ఆ వైపు ఎన్నోసార్లు వెళ్ళాం, రాహుకేతు పూజలు చేయించుకున్నాం. ఆ ఊళ్ళో గణితం అలా ఫిడేలు పట్టుకుని కూర్చుని ఉండేదని మాకెవరూ చెప్పలేదు.

శర్మగారి ప్రతిభ గురించి చాలామంది రాశారు. నా మనసు మాత్రం ఆ అక్క దగ్గరే ఆగిపోయింది. చదువు చెబుతున్నానని ఆమెకు తెలుసో లేదో. తన పాఠం తను చదువుకుంది, అంతే. కాకపోతే గట్టిగా చదువుకుంది. మనసులో చదువుకుని ఉంటే?

ఇలాంటి ఇంకో స్త్రీ పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. కొడుకే నిలిపాడు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారంటే ప్రపంచమంతటికీ సి.ఆర్.రావు. 1920లో హడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు, బదిలీల ఉద్యోగం. ఆ బదిలీల వెంట సాగిన చిన్ననాటి చదువులో గూడూరు కూడా ఉంది. అదేనండీ, మనుబోలు పక్కన గూడూరే! తర్వాత నూజివీడు, నందిగామ, విశాఖపట్నం. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి ముందు పెట్టేవారట. ఆ సంగతి ఆయన పెద్దయ్యాక తన పుస్తకాన్ని తల్లికి అంకితమిస్తూ రాసుకున్నారు.

ఆయన చేసిన పనేమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలని మనకు తెలుసు. కుండంతా వొంపి చూడం. స్టాటిస్టిక్స్ అంతా ఈ మెతుకు శాస్త్రమే. మరి ఎన్ని మెతుకులు పట్టుకుంటే మన అంచనా ఎంత గట్టిది? 1944లో కలకత్తాలో రావుగారు పాఠం చెబుతున్నారు. వయసు ఇరవైనాలుగుకు మించదు. ఫిషర్ అనే పెద్దాయన సూత్రం ఒకటి లెక్కలేనన్ని మెతుకులు పట్టుకున్నప్పటికే వర్తిస్తుంది. ‘కాసిని మెతుకులే ఉంటే ఏమిటి సార్?’ అన్న అర్థం వచ్చేలా దాండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావుగారి దగ్గర జవాబు లేదు. ‘కంఠతా పట్టు’ అనలేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచించి మర్నాడు జవాబుతో వచ్చారు. చేతిలో ఇన్ని మెతుకులే ఉంటే అంచనా ఇంతకన్నా కచ్చితంగా ఉండడం ఎవరి తరమూ కాదని ఒక హద్దు గీసి చూపించారు. అది 1945లో అచ్చయింది. క్రేమర్-రావు హద్దు అని ప్రపంచమంతా చదువుకుంటోంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. ఆ ఏడాదే, నూటరెండేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఒక విద్యార్థి లేచి ‘ఎందుకు’ అని అడిగాడు, ఒక మాస్టారు కసురుకోలేదు. జరిగింది అంతే. నేను దీని దగ్గర చాలాసేపు ఆగిపోయానని వేరే చెప్పాలా?

ఈ చరిత్రంతా ఏకరువు పెట్టి మా అమ్మాయికి ఈసారి లెక్కల్లో నూటికి నూరు వచ్చాయని చెబుతాననుకుంటున్నారేమో. రాలేదు. అరవై రెండొచ్చాయి. ఆర్ట్స్ తీసుకుంటుందో, సైన్సు తీసుకుంటుందో ఇంకా తేల్చుకోలేదు. ఏది తీసుకున్నా నాకు సమ్మతమే. పుస్తకం మాత్రం మంచం మీదికి విసరడం మానేసింది. వారానికి రెండుసార్లు పక్క వాటాలోని ఆరో క్లాసు పిల్లని కూర్చోబెట్టుకుని గట్టిగా చదివి చెబుతోంది. వంటింట్లోకి వినిపిస్తుంది. నేను కూర తరుగుతూ వింటాను. మొన్న రుణాన్ని రుణంతో గుణించే సంగతి వచ్చింది. “అప్పు ఉందనుకో. ఆ అప్పుని ఎవరైనా తీసేశారనుకో. నీకు పోయిందా, వచ్చిందా?” అంది మా అమ్మాయి. “వచ్చింది!” అంది ఆ పిల్ల. కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. ఎనిమిదో క్లాసులో కూర్చున్నదాన్ని అప్పటికి లేచాననిపించింది.

అన్నట్టు, ఆ రోజు మనుబోలులో బయల్దేరబోతుంటే ఒక సంగతి జరిగింది. అది చెప్పకపోతే లెక్క సరిపోదు. అప్పుబియ్యం తిరిగివ్వడానికి ఎవరో వస్తే పెద్దమ్మ కొలిపించుకుంటోంది. మొదటి మానికకు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అంది. తర్వాత ‘రెండు’, ‘మూడు’ అంటూ లెక్కపెట్టింది. పాతకాలం పద్ధతి అది. మా అమ్మాయికి నవ్వొచ్చింది. “ఒకటిని లాభమంటారా?” అంది.

“మరి! ఆ ఒక్కటీ వస్తేనే కదా పాపా తక్కినయ్యి వచ్చేది” అంది పెద్దమ్మ. తర్వాత కొలపాత్రల వరసలోంచి గిద్దని తీసి, కొంగుతో తుడిచి, దాని చేతిలో పెట్టింది. “ఇది నువ్వు తీసకపో. తూముకి తగ్గేది ఇదొక్కటే కదా!”

ఆ ఇత్తడి గిద్ద ఇప్పుడు మా ఇంట్లో లెక్కల పుస్తకాల పక్కన ఉంది. అందులో పెన్సిళ్ళు పెట్టుకుందామంటే పట్టడం లేదు. ఖాళీగానే ఉంచుకుంది.